సిల్వరు పడవకు రివిట్లు కొట్టిన సాయంత్రం

పిల్లలకు కథ చెప్తే చివర నీతి చెప్పడం నాకు అలవాటు. ఈ ఒక్క కథకు ఇంతవరకు నీతి దొరకలేదు. అందుకే బడిలో ఎప్పుడూ చెప్పలేదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం లేచినంక బడులు బందయినయి. సురంగల్ బడిలో నాతోటి పంతుళ్ళు ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోయిండ్రు. నాకు పోవడానికి ఎవరున్నరు? భార్య చనిపోయినంక మా ఊరు ముడిమ్యాలలో ఇంటికి తాళమే. బడి వెనక గదిలో ఒక్కణ్ణే ఉన్న. పొద్దున లేచి నల్లబల్ల తుడిచేవాణ్ణి. దాని మీద ఎవరూ ఏమీ రాయలేదు. అయినా తుడిచేవాణ్ణి.

ఎండాకాలం చివర అంతమ్మ వచ్చింది. ఆమె పెనిమిటి మోషే కిందటి వానల్లో ఊరి పక్క సాగర్ చెరువులో చేపలకు పోయి మునిగిండు. పడవ బోర్లపడి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మోషే రాలేదు. శవం దొరకలేదు కాబట్టి సమాధి కూడా లేదు.

"సారూ, మిరుగం కార్తె వస్తున్నది. ఆ నాడు చేపలు వండని ఇల్లుంటదా? పడవ నీళ్ళల్ల దిగితేనే మా పొయ్యి అంటుకుంటది. మా మరిది బాల్‌రాజ్ పోత అంటున్నడు. కానీ అది కారుతున్నది. ఒకణ్ణి మింగింది సారూ. ఇంకొకణ్ణి మింగనియ్య. మీ బాపు గిన్నెలకు మాట్లు వేసెటోడట కదా, జర మీరు చూడుండ్రి."

"కారకుండ చేసిస్త. ఒక్క చుక్క కారినా వాణ్ణి పంపకు" అని జబాన్ ఇచ్చిన.

పట్నం దొరలు షికారుకు తెప్పించుకొని, పాతబడినంక వదిలేసిన సిల్వరు పడవ అది, అల్యూమినియం రేకులది. అడుగు రేకుల అతుకుల్లో రివిట్లు వదులైనయి. పాతవి తీసి కొత్తవి కొట్టాలె. ఆ పని ఒక్కడితో కాదు. రాళ్ళ మీద బోర్లించిన పడవ కింద ఒకడు పడుకొని, రివిటు కొసకు ఇనుప దిమ్మె ఆనించి పట్టాలె. బయట ఇంకొకడు సుత్తెతో కొట్టాలె. అప్పుడు లోపలి కొస దిమ్మెకు ఒత్తుకొని చదునైతది. ఒకరి మొహం ఒకరికి కనపడదు. కిందివాడు ఒక్కసారి తడితే 'తయారుగా ఉన్న, కొట్టు' అని. రెండుసార్లు తడితే 'అయింది' అని.

బాల్‌రాజ్ బస్సు కండక్టరు. బస్సులు బందయి ఖాళీగా ఉన్నడు. పడవ కిందికి దూరి, "సారూ, నన్ను లోపలేసి మూత పెట్టిండ్రు. ఇగ టిక్కెట్ ఎవరికి కొట్టాలె?" అనేవాడు.

"చేపలకు కొట్టు. చిల్లర అడగవు" అనేవాణ్ణి.

చాలా రోజుల తర్వాత నేను నవ్వింది ఆ ఒడ్డుమీదనే.

మిరుగానికి ముందటి రోజు బాల్‌రాజ్ అతుకులకు తారు తెస్తనని చేవెళ్ళకు పోయిండు. పొద్దు గూకే యాళ్ళయినా రాలేదు. మబ్బు కమ్మింది. గాలి నిలిచిపోయింది. సాగర్ నీళ్ళు కదలకుండ నల్లగున్నయి. ఒడ్డున నాచు వాసన. ఇంకా కొన్ని రివిట్లే మిగిలినయి. సుత్తె ఒళ్ళో పెట్టుకొని, దారికి వీపు చేసి కూచున్న.

టక్.

పడవ కింద నుంచి.

"వచ్చినవా? పిల్లి లెక్క దూరినవు కదా!" అన్న.

టక్.

సంతోషంగా లేచి కొట్టిన. టక్ టక్. ఇంకొకటి పెట్టిన. టక్. కొట్టిన. టక్ టక్. పని ఎంత బాగా సాగిందంటే, చిన్నప్పుడు మా బాపు పక్కన కూచున్నట్టనిపించింది. ఒక్కణ్ణే ఉండి ఉండి, వినేటోడు దొరికితే నోరు ఆగుతదా? పిల్లలకు చెప్పే తాబేలు కథ ఎత్తుకున్న. నా భార్య సంగతి కూడ చెప్పిన. ఎవరికీ చెప్పనిది.

కిందినుంచి మాట లేదు. వింటున్నట్టు మాత్రం ఉన్నది.

"ఏం బాల్‌రాజ్, మాట్లాడవేంది? తొవ్వల పోలీసులు బెదిరించిండ్రా?"

టక్.

చివరి రివిటు కొట్టిన. అప్పుడు కాలికి చల్లగా తగిలింది… నీళ్ళు. పడవ అంచు కింద నుంచి సన్నగా పారుతున్నయి. నెలల తరబడి ఎండిన పడవ. నాచు వాసన ఇప్పుడు ఒడ్డు నుంచి కాదు… పడవ కింద నుంచే.

"సారూ! తారు దొరికింది! తొవ్వ పొడుగూత రాళ్ళు పెట్టిండ్రు, నడుచుకుంట వచ్చేవరకు గింతసేపు…"

గొంతు దారి మీద నుంచి వచ్చింది. వెనక్కి తిరిగిన. భుజాన సంచి, చేతిలో డబ్బా. బాల్‌రాజ్.

"మరి… కింద ఎవరున్నరు?" అని గుసగుసగా అడిగిన.

"ఎవరుంటరు? నేనీడ ఉన్న కద."

టక్.

బాల్‌రాజ్ కూడా విన్నడు. డబ్బా కింద పెట్టిండు… మెల్లగా.

"దిమ్మె… దిమ్మె ఎవరు పట్టిండ్రు సారూ?" అన్నడు. "అది నా సంచిల ఉన్నది. పొద్దున మర్చిపోయి తీస్కపోయిన."

ఇద్దరం అంచు పట్టి పడవ ఎత్తినం. లోపల ఎవరూ లేరు. తడి మట్టి మీద మనిషి పడుకున్నంత పొడుగు గుంట. దాంట్ల నీళ్ళు.

పిలిస్తే అంతమ్మ కందీలు పట్టుకొని ఉరికొచ్చింది. లోపలి వైపు వెలుగు పెట్టినం. నేను ఆ సాయంత్రం కొట్టిన ప్రతి రివిటు కొస చదునైంది. దిమ్మె ఒత్తినట్టు నున్నగా లేదు. ఒక్కొక్క దాని మీద బొటనవేలి ముద్ర. ముద్రకు అడ్డంగా గాటు.

అంతమ్మ ఒక ముద్రకు చెంప ఆనించింది. "వల తాడు కోసుకున్న గాటు ఇది. పసుపు పెట్టి కట్టింది నేనే" అన్నది. లేచినంక, "పొద్దుగాల దించుండ్రి. తమ్ముని కోసం ఆయనే చేసిండు. ఇగ నాకు ఫికర్ లేదు" అన్నది.

మిరుగం నాడు పడవ దిగింది. ఒక్క చుక్క కారలేదు. బాల్‌రాజ్ గంపల నిండ చేపలతోటి వచ్చిండు. అంతమ్మ పొయ్యి అంటుకున్నది. నా జబాన్ నిలబడ్డది.

బాల్‌రాజ్ మాత్రం నన్ను పక్కకు పిలిచిండు.

"పడవల అన్న నా పక్కన కూసున్నట్టే ఉండె సారూ. భయమేం కాలేదు. కానీ నా దిక్కు చూడలేదు అనిపించింది. వెనక్కి మళ్ళి ఒడ్డు దిక్కే చూస్తుండె."

అప్పుడు ఒడ్డున ఉన్నది నేనొక్కణ్ణే.

వాళ్ళు చేపలు అమ్మడానికి పోయినంక, బోర్లించిన పడవ మీద చెయ్యి వేసి తడిమిన. పడవ ముక్కు దగ్గర, రంధ్రమే లేని చోట, ఒక రివిటు తగిలింది. నేను కొట్టింది కాదు. వంగి లోపల చూసిన. సుత్తె దెబ్బ లోపలి నుంచి పడ్డది. ముద్ర బయటి వైపు ఉన్నది. దానికి గాటు లేదు.

నా బొటనవేలు పెట్టి చూసిన.

గీతకు గీత సరిపోయింది.

చెయ్యి తీద్దామనుకున్న. అంతలో నా ఎడమ చెయ్యి, నన్ను అడగకుండ, పడవను ఒక్కసారి తట్టింది… 'తయారుగా ఉన్న, కొట్టు' అని.