మోతి బక్కపడిన ఎండాకాలం

పెద్ద వరద వచ్చిన తరువాత రెండో ఏడు. గోదారి, ప్రాణహిత ఒక్కటై మా ఇళ్ల మీదికి వచ్చిన వరద అది. మా దగ్గర ఇప్పటికీ ఎవరి పెళ్లయినా, ఎవరి పుట్టుకయినా ఆ వరదకు ముందా వెనుకా అనే అడుగుతారు.

ఆ ఏడు శివరాత్రి వెళ్లాక ఒక పొద్దున వినయ్‌కుమార్ మా వాకిట్లో ఆటో ఆపాడు. అంకిస ఊరి పిల్లగాడు. అక్కడ రేవులో చేపలు ఎత్తుకుని సిరోంచ మార్కెట్‌లో దింపుతాడు.

"రాజలింగు కాకా, మా ఇంట్ల పెళ్లి ఉన్నది. వైశాఖంల. గుర్రం కావాలె" అన్నాడు.

నేను కొట్టం వైపు చెయ్యి చూపించాను. లోపలికి పోయి చూసి వచ్చాడు.

"గుర్రం ఏది కాకా?"

"అదే."

"అదా? నేను సూడి బర్రె అనుకున్న."

వెనుక నుంచి చెంబెడు నీళ్లు వచ్చి అతని కాళ్ల మీద పడ్డాయి. నా కోడలు కళ్యాణి.

"బర్రె ఎవలు? నీ ఆటో బర్రె. ఊరంత చేపల కంపు చేసుకుంట వచ్చి, మా మోతిని బర్రె అంటవా?"

"తప్పయింది వదినా. మరి గుర్రం అంటే నడుము ఉంటది గదా. దీనికి నడుమెక్కడున్నదో జర నువ్వే చూపియ్యి."

రెండో చెంబు వచ్చేలోపల ఆటో ఎక్కాడు.

కళ్యాణి కోపానికి కారణం ఉంది. మోతి నా కొడుకు సంజీవ్‌ది. తెల్లటి ఆడగుర్రం. సిరోంచ చుట్టుపక్కల, గోదారి అవతల కూడా ఎందరో పెళ్లికొడుకులను మోసింది. వరదనాడు సంజీవ్ దాన్ని గడ్డకెక్కించి, జీను కోసం మళ్లీ ఇంట్లోకి దిగాడు. జీను చింతకొమ్మకు తగులుకుని ఆ రోజే దొరికింది. వాడు మూడోనాడు దొరికాడు. కళ్యాణి మా ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది నిండలేదు.

పదోనాడు వాడికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టాము. పిట్ట ముట్టాలి, కాకి వచ్చి తింటేనే పోయినవాడు వచ్చి తిన్నట్టు. చెట్లన్నీ పడిపోయి ఉన్నాయి, ఊళ్లో ఒక్క కాకి లేదు. పొద్దు తిరిగినా రాలేదు. అప్పుడు మోతి తాడు తెంచుకుని వచ్చి, విస్తరి నాకేసింది.

"వచ్చిండు! నా కొడుకు వచ్చిండు!" అని నా భార్య రాజక్క దాని మెడ పట్టుకుంది.

ఆనాటి నుంచి సంజీవ్ తినే పళ్లెంలో రెండు పూటలా మోతికి అన్నం. కళ్యాణి పప్పు కలిపి, నెయ్యి వేసి పెట్టేది. వాడలో ఎవరింట్లో పండగైనా మొదటి బూరె మోతికే. యాదక్క బెల్లం తెచ్చేది, చిన్నక్క గారెలు తెచ్చేది. సంజీవ్ వీపు మీద పరాయి పెళ్లికొడుకును ఎట్లా ఎక్కిస్తామని, ఎవరు అడిగినా గుర్రాన్ని పంపలేదు. మోతి నిలబడి తిన్నది. రెండేళ్లు తిన్నది. నేను చూస్తూనే ఉన్నాను. ఏమని ఆపమనాలి?

వినయ్ వారం తిరగకముందే సిరోంచ నుంచి పశువుల డాక్టరును ఆటోలో తీసుకొచ్చాడు. డాక్టరు మోతి గిట్టలు పట్టి చూశాడు. మెడ మీద కొవ్వు నొక్కి చూశాడు.

"హే సగళం బంద్ కరా" అన్నాడు మరాఠీలో. ఇదంతా బంద్ చేయండి అని. అన్నాలు, బెల్లాలు ఇట్లాగే పెడితే ఇక కాళ్లు పోతాయి, పడితే లేవదు. ఎండుగడ్డి పెట్టి, ఇసుక మీద మెల్లగా నడిపిస్తే ఇంకా బాగుపడుతుంది అన్నాడు.

కళ్యాణి గుంజకు ఆనుకుని విన్నది. డాక్టరు పోయాక మెల్లగా అన్నది.

"నేను గుర్రానికి పెడ్తలేను మామా. ఆయనకు పెడ్తున్న."

వినయ్ నవ్వు ముఖం మారిపోయింది. "నాకు తెల్వదు వదినా. మాఫ్ చెయ్యి" అన్నాడు.

ఆ పూట కళ్యాణి పళ్లెం తేలేదు. తనూ తినలేదు.

మరునాటి నుంచి వినయ్ చేపలు దింపి, సాయంత్రానికి మా ఇంటికి వచ్చేవాడు. "మా పెళ్లికి మోతే కావాలె కాకా. నేను నడిపిస్త" అన్నాడు. పెళ్లి కుదిరిన పిల్లగాడు, తన పెళ్లి గుర్రం కోసం తిప్పలు పడుతున్నాడు, వస్తే తప్పేముంది అనుకున్నాను. అట్లా అనుకున్నాను కాబట్టే రానిచ్చాను. మోతి కాళ్లు దక్కితే చాలని ఈసారి కళ్యాణి కూడా వద్దనలేదు.

మొదటిరోజు వాడ దాటడమే కష్టమయింది. మోతికి ప్రతి గడపా తెలుసు. ఒక్కో ఇంటి ముందు ఆగి, లోపలికి తల పెట్టి నిలబడేది. వినయ్ ముందు నుంచి లాగేవాడు, కళ్యాణి వెనుక నుంచి నెట్టేది. యాదక్క బూరె పట్టుకుని బయటికి వచ్చింది.

"ఒక్కటేరా! సంజీవ్ గడప ముంగటికి వస్తే ఉత్తచేతులతోటి పంపాల్నా?"

"యాదక్కా, సంజీవన్నకు షుగర్ వచ్చిందనుకో. ఆ బూరె నాకియ్యి" అని వినయ్ నోట్లో వేసుకున్నాడు.

కళ్యాణి ఫక్కున నవ్వింది. నవ్వి, తన నవ్వు తానే విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరువాత మోతి వెనుక నిలబడి ఏడ్చింది. వినయ్ అటు చూడలేదు. నోట్లో బూరె నమలకుండా అట్లాగే నిలబడ్డాడు.

మెల్లమెల్లగా గోదారి ఇసుక దాకా పోయారు. ముందు నడక. తరువాత చిన్న ఉరుకు. నేను గట్టు మీద కూర్చుని చూసేవాణ్ణి.

"ఉరుకు పెళ్లికొడుకా, ఉరుకు! గుర్రం కంటే నువ్వే ఎక్కువ రొప్పుతున్నవు" అనేది కళ్యాణి.

"ఇద్దరం బక్కపడాలె గదా."

"నువ్వింక బక్కపడితే పెండ్లిపిల్ల నిన్ను కొంగుల కట్టుకొని పోతది."

మొదట్లో మోతికి అటు ఒకరు ఇటు ఒకరు నడిస్తే, మధ్యన కొండ అడ్డమున్నట్టే ఉండేది. మోతి కడుపు తగ్గిన కొద్దీ ఇద్దరూ ఒకరికొకరు కనబడసాగారు.

ఇప్పపూలు రాలే రోజుల్లో ఒక సాయంత్రం వాన వచ్చింది. కాలం కాని వాన. ముగ్గురం చేపలోళ్ల పందిరి కిందికి చేరాము. మోతిని మధ్యన నిలబెట్టారు. కళ్యాణి కొంగుతో దాని ముఖం తుడుస్తోంది.

"తడవకు పెళ్లికొడుకా, జలుబు చేస్తే పీటల మీద తుమ్ముకుంట కూసుంటవు. పిల్ల ఎట్లుంటది? ఫోటో చూపియ్యి."

"నా దగ్గర లేదు."

"ఈ కాలంల ఫోటో లేని పెండ్లా? మాట్లాడనన్న మాట్లాడినవా?"

"మాట్లాడుతనే ఉన్న. అసలు మాట అడగాలంటే భయమైతది."

"గంత భయమా?"

"గంత."

కళ్యాణి నవ్వబోయి ఆగింది. బయట వాన వైపు చూసింది. వినయ్ ఆమె చెవి పక్కన కారుతున్న నీటిచుక్క వైపు చూశాడు. నేను బీడీ వైపు చూసుకున్నాను. అది తడిసి ఉంది.

అప్పటి నుంచి అతను వదినా అని పిలవడం మానేశాడు. ఇంకే పేరు పెట్టీ పిలవలేదు. ఊరికే "ఇగో" అనేవాడు.

వైశాఖం వచ్చింది. పెళ్లిరోజు కళ్యాణే జీను వేసింది. శివరాత్రప్పుడు కడుపు కింది పట్టీ కొసలు ఒకదాన్నొకటి చూసుకోను కూడా లేదు. ఆ పూట బిగిసింది. మోతి చెవిలో "మంచిగ పోయి రా" అన్నది. తాను పెళ్లికి రాలేదు. రమ్మని ఎవరూ అనరు కూడా, మొగుడు పోయిన పిల్లను.

అంకిసలో బ్యాండు మోగుతోంది. బాసింగం కట్టుకుని, కత్తి పట్టుకుని పెళ్లికొడుకు బయటికి వచ్చాడు. వినయ్ కాదు. వేరే పిల్లగాడు. అతన్ని మోతి మీద ఎక్కించి, వినయ్ కళ్లెం పట్టుకున్నాడు.

"ఎవడు వీడు?" అన్నాను.

"ఆనంద్. మా మేనమామ కొడుకు."

"మరి నువ్వు?"

"నేను పెళ్లికొడుకునని ఎప్పుడన్న చెప్పిన్నా కాకా? మీరే అనుకున్నరు."

"కాదని చెప్పలె."

"చెప్తె నన్ను వాకిట్లకు రానిచ్చేటోనివా?"

బ్యాండు మా చెవుల పక్కనే ఉంది. అతను నా మీదికి వంగి చెప్పాడు.

"నాకు ఆమె కావాలె కాకా. మా అమ్మకు ఎరుకే. నువ్వు సరే అంటేనే ఆమెను అడుగుత. వద్దంటే ఇగ మీ దిక్కు రాను. నాకు పెళ్లయిందనే ఆమెను అనుకోనియ్యి."

పొద్దు వాలేవేళ మోతిని నడిపించుకుంటూ ఇంటికి బయలుదేరాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. నేనేమీ చేయనవసరం లేదు. చెప్పకుండా ఉంటే చాలు. అతను రాడు. ఆమె అడగదు. పొద్దున లేస్తే ఎప్పటిలాగా "చాయ్ తాగు మామా" అంటుంది. ఇల్లు ఇంట్లాగే ఉంటుంది. నోరు మూసుకుని ఉండడం నాకు చేతనైన పని.

కళ్యాణి వాకిట్లోనే ఉంది. కళ్లెం అందుకుంది.

"పెండ్లి మంచిగయిందా మామా?"

"అయింది."

"పిల్ల మంచిగున్నదా?"

"ఉన్నది."

"ఏం చీర కట్టింది?"

నేను చూడలేదన్నాను. ఆమె పట్టీ విప్పబోయింది. అట్లాగే మోతి మెడకు ముఖం ఆనించి, "ఇగ మన దిక్కు ఎవలు రారే" అన్నది. నాకు వినబడదనుకున్నది.

రాజక్క పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "ఏమయింది? దాని మొఖం చూడు, నీ మొఖం చూడు" అన్నది నాతో.

"పెండ్లికొడుకు వినయ్ కాదు" అన్నాను.

కళ్యాణి తల ఎత్తలేదు.

"వాని మేనమామ కొడుకు. వినయ్‌కు పెండ్లి కుదరనే లేదు. నువ్వు కావాలె అంటున్నడు బిడ్డా. నేను సరే అంటే నిన్ను అడుగుతడట."

అప్పుడు తల ఎత్తింది. "నాకెందుకు చెప్పినవ్ మామా? చెప్పకుంటేంది? నేను పోతే ఈయనకెవరున్నరు?"

ఈయన అంటూ మోతి నుదురు నిమిరింది. రెండేళ్లుగా మా వాడలో ఎవరూ అనని మాట ఒకటి ఉంది. నేనూ అనలేదు.

"వాడు నీళ్లల్ల పోయిండు బిడ్డా. ఇది గుర్రం."

రాజక్క అప్పుడే శవాన్ని చూసినట్టు ఏడ్చింది. కళ్యాణి మోతి కాళ్ల దగ్గర కూలబడి "పోయిండా మామా, పోయిండా" అని అడిగింది. పోయిండు అన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. మోతి కదలకుండా నిలబడింది.

ఏడుపు ఆగాక రాజక్క కోడలి జుట్టు ముడివేస్తూ అన్నది. "వాని మీద నీకు మనసున్నదా? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"మీరు వద్దంటే పోను అత్తా."

"గది కాదు నేను అడిగింది."

కళ్యాణి ముఖం అత్త ఒడిలో దాచుకుంది. "ఉన్నది" అన్నది. ఆ మాటకు రాజక్క చెయ్యి ఒక్కసారి ఆగి, మళ్లీ జుట్టు సర్దింది.

మరునాడు పొద్దున్నే తానం చేసి, తెల్ల ధోతి కట్టుకుని, మోతికి జీను వేశాను. అరుగు మీద నుంచి ఎక్కాను. అంకిస చేరేసరికి పొద్దు రెండు బారలు ఎక్కింది. పందిరి విప్పుతున్నారు. వినయ్ వాళ్లమ్మ వాకిలి ఊడుస్తోంది. చీపురు పట్టుకునే లేచింది.

"గుర్రపాయనవు గదా? పెండ్లి నిన్ననే అయిపాయె. మళ్ల ఎందుకొచ్చినవ్?"

నేను దిగి, కళ్లెం చేతికి చుట్టుకుని నిలబడ్డాను.

"గుర్రంతోటి పని మీద రాలేదు చెల్లె. నేను పిల్ల తండ్రిని" అన్నాను.