గుండు మీద రెండు గాట్లు

2004 ఫిబ్రవరి 12. ఉదయం ఏడు గంటలు.

విజయవాడ పటమటలో ఒక అద్దె గది. బాలశౌరి మంచం పక్కన బోర్లా పడి ఉన్నాడు. ప్రాణం లేదు.

ఆటోనగర్‌లో లేత్ మెషిన్ మీద పనిచేసే మనిషి. భార్య పోయింది. పిల్లల్లేరు. పలకరించే దిక్కు పక్క వాటాలో ఉండే నర్సు కృప ఒక్కతే. కబురందగానే మేనల్లుడు అంతోని పామర్రు నుంచి రెక్కలు కట్టుకుని వాలాడు. మామ బతికుండగా ఆ రెక్కలు ఎక్కడ దాచాడో మరి.

సాయంత్రానికి ఎస్సై ఇష్తియాక్ చేతికి పోస్టుమార్టం రిపోర్టు వచ్చింది. విషం ఛాయలు లేవు. మెదడులో రక్తం గడ్డ.

"రెండు వారాల క్రితమే కరెంట్ షాక్ ఇచ్చి గుండె లయ సరిచేశామండీ," అన్నాడు వైద్యం చేసిన డాక్టరు. "లయ కుదిరినా గుండె పైగదులు కొన్నాళ్లు మందకొడిగానే ఉంటాయి. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు పోవచ్చు. అందుకే రక్తం పలచబడే మాత్ర కనీసం నాలుగు వారాలు మానొద్దని చెప్పాం."

"మాత్రలు ఆవిడ దగ్గరే ఉండేవండీ!" అంతోని కృప వైపు వేలు చూపించాడు. "ఇవ్వకుండా చంపేసింది. కేసు రాయండి."

కృప ముఖం పాలిపోయింది. కేసు పడితే నర్సు ఉద్యోగం ఊడినట్టే.

"రోజూ ఇచ్చావా?" ఇష్తియాక్ కృపని అడిగాడు.

"ఇచ్చానండీ. అన్నం తిన్నాక వేసుకుంటానని తీసుకునేవాడు."

"వేసుకోవడం చూశావా?"

"లేదండీ. డ్యూటీకి పరిగెత్తేదాన్ని."

ఇష్తియాక్ పంచనామా ఫొటోలు మళ్లీ ముందేసుకున్నాడు. నున్నటి గుండు. నిన్న గుణదల మేరీమాత తిరునాళ్లలో మొక్కు తీర్చుకున్నాడని అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ పట్టించుకోలేదు. చెవి వెనక రెండు కత్తిగాట్లు. తెల్లచొక్కా కాలర్ మీద ఒక్క మరక లేదు.

జీపు గుణదల వైపు తిరిగింది. అక్కణ్ణుంచి బాలశౌరి గదికి.

గంట తర్వాత ఇద్దరినీ పిలిపించాడు.

"ఆ మాత్ర వేసుకునే మనిషికి గాటు పడితే నెత్తురు ఓ పట్టాన ఆగదు. ఈయనకి వెంటనే ఆగింది. గుండు చేసిన మంగలిని కలిశాను. 'భయపడకు, నెత్తురు మందు మానేసే వచ్చా' అన్నాడట."

బాలశౌరి గదిలో దొరికిన జపమాల సంచి బల్ల మీద బోర్లించాడు. మాత్రలు రాలాయి. కృప ఇచ్చినవే.

"గుండె బాగైతే తలనీలాలిస్తానని మొక్కుకున్నాడు. మాత దగ్గర నెత్తురు కారకూడదని గుండె మందే మానేశాడు."

అంతోని తల దించుకుని బయటికి నడిచాడు.

"నువ్వెళ్లొచ్చమ్మా. నీ మీద కేసేం లేదు."

కృప కదల్లేదు.

"పోయిన వారం అడిగాడండీ, కత్తి గాటు పడితే నెత్తురు ఆగదా అమ్మా అని. ఆగదు బాబాయ్ అన్నాను, చెప్పులేసుకుంటూ. ఎందుకని అడగలేదు. తిరునాళ్లకి తోడు రమ్మన్నాడు. డ్యూటీ ఉందన్నాను. అక్కడ ఆయనతో ఎవరైనా ఉన్నారా అండీ?"

ఇష్తియాక్‌కి అబద్ధం చెప్పాలనిపించింది. నోరు రాలేదు.

"ఎవరూ లేరమ్మా. గుండు బాగుందా అని మంగలినే అడిగాడట."