బోర్లించిన రొట్టె

రోక్‌బరాన్‌లో తలారి ఇంటి ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా నడిచేవారు కాదు. కోట గుమ్మం దాటగానే, ప్రాకారానికి బయట, గోడకు వీపు ఆనించి కూర్చున్న బిచ్చగాడిలా ఉంటుంది ఆ ఇల్లు. తలారిని ఊరి లోపల ఉండనివ్వరు కదా, అందుకని వెలుపల కట్టారు. తలలు తీయించడానికి మాత్రం ఆయనే కావాలి. రాత్రిపూట ఆ ఇంటి కిటికీ తలుపు మీద ఎవరో తడతారని ప్రతీతి. లోపలి నుంచి కాదు, బయటి నుంచి. అదీ వింత.

నిజం చెప్పాలంటే, ఈ చెడ్డపేరులో సగం మేయర్ ఆన్సెల్మ్ కజెలూ గారి చేతి పనే.

ఎందుకంటే, మా దక్షిణ ఫ్రాన్సులో లోత్ నది పొడుగునా కొండకో కోట ఉంది, కోటకో దెయ్యం ఉంది. అవతలి కొండ మీద తెల్లగౌను దొరసాని. ఆపై కొండ మీద తల లేని ప్రభువు, గుర్రంతో సహా. మా రోక్‌బరాన్ ప్రభువు మాత్రం బాతుమాంసం ఎక్కువ తిని, అజీర్తితో, మంచం మీద పోయాడు. అలాంటి కోట చూడటానికి ఎవరొస్తారు? వచ్చినవాళ్లు బురుజు కింద నిలబడి ఫోటో తీసుకుని, కాఫీ తాగడానికి తెల్లగౌను దొరసాని ఊరికి వెళ్లిపోయేవారు.

ఆన్సెల్మ్ గారు బడిలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. దేవుడినీ నమ్మడు, దెయ్యాన్నీ నమ్మడు, జిల్లా అధికారులను అంతకంటే నమ్మడు. మేయరయ్యాక వేసవి రాత్రులు లాంతరు పట్టుకుని యాత్రికులకు కోట చూపించడం మొదలుపెట్టాడు. చివర్లో తలారి ఇంటి ముందు ఆగి, లాంతరు గెడ్డం కిందికి తెచ్చుకుని, గొంతు తగ్గించేవాడు.

"రెండో వేటు అవసరం పడని చెయ్యి అది... ఇప్పటికీ ఆకలితో తిరుగుతోంది... రాత్రిళ్లు కిటికీ తట్టి రొట్టె అడుగుతుంది..."

ఆడవాళ్లు కెవ్వుమనేవారు, మగవాళ్లు నవ్వినట్టు నటించేవారు. ఊరు కాస్త నిలదొక్కుకుంది. ఆ కథంతా తన బుర్రలోంచే పుట్టిందని ఆయన నమ్మకం.

ఇంతలో జెలీ ఫర్జోకి మోకాళ్లు పోయాయి.

జెలీ మా ఊరి రొట్టెల కొట్టు ఆవిడ. ఆన్సెల్మ్ గారితో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకుంది. నవంబరులో చనిపోయినవాళ్ల పండగ దాకా పొయ్యి వెలిగిస్తాననీ, ఆ తర్వాత తన వల్ల కాదనీ తేల్చి చెప్పింది. మా ఊరు చాలా పోగొట్టుకుంది. బడి పోయింది, ఓర్చుకున్నాం. పోస్టాఫీసు పోయింది, తిట్టుకుని ఊరుకున్నాం. పాదిరీ గారు పండక్కి తప్ప రావడం మానేశారు, అది పెద్దగా ఎవరూ గమనించలేదు. కానీ రొట్టె! పక్క ఊరివాళ్లు చర్చి ముందు యంత్రం పెట్టుకున్నారు. మీట నొక్కితే కింద రొట్టె పడుతుంది, సిగరెట్ పెట్టె పడ్డట్టు. వాళ్లను చూసి మేం జాలిగా తలాడించేవాళ్లం. ఇప్పుడు మనకూ అదే గతి అనేసరికి కాఫీ కొట్టులో ముసలివాళ్లు నవ్వడం మానేశారు.

సెప్టెంబరులో దేవుడు పంపినట్టు ఒక జంట వచ్చారు. దేవుడు అన్న మాట ఆన్సెల్మ్ గారిది కాదు, నాది. బాస్తియాన్ టులూజ్‌లో రొట్టెలు చేస్తాడు. అతని భార్య ఓదిల్, చంకలో పాప. కొట్టు నచ్చింది, పొయ్యి నచ్చింది. ఉండటానికి ఇల్లు కావాలి. మా ఊళ్లో ఇళ్లకేం తక్కువ! అన్నీ ఉన్నాయి, అన్నిటికీ తాళాలున్నాయి. పారిస్ వాళ్లవి, డచ్చి వాళ్లవి. వేసవిలో వచ్చి, మా ప్రశాంతతను మెచ్చుకుని పోతారు. ఊరి సొత్తుగా మిగిలిన ఇల్లు ఒకటే.

ఓదిల్ ఆ ఇంటిని చూడగానే పాపను గట్టిగా పట్టుకుంది.

"మేయర్ గారూ, ఇది తలారి ఇల్లు కాదూ?"

"పాత పేరు లేమ్మా. గోడలు చూడు, ఫిరంగి పెట్టి కొట్టినా కదలవు."

"ఆగస్టులో మీ లాంతరు షికారుకి మేమూ వచ్చాం. మీరే చెప్పారు. నాకు వారం రోజులు నిద్ర లేదు."

ఆన్సెల్మ్ గారు దగ్గాడు. "అది... కథ తల్లీ. యాత్రికులకు చెప్పేది."

"మేమూ యాత్రికులమే అప్పుడు. అప్పుడు అబద్ధం చెప్పారా, ఇప్పుడు చెబుతున్నారా?"

బాస్తియాన్ నేల చూపులు చూస్తున్నాడు. షరతు ఓదిలే పెట్టింది. ఈ రాత్రి మేయరు గారు ఒంటరిగా ఆ ఇంట్లో పడుకోవాలి. వాళ్లు కాఫీ కొట్టు పైగదిలో ఉంటారు. పొద్దున్న ఆయన నవ్వుతూ బయటికొస్తే ఊరికి రొట్టె. లేకపోతే యంత్రం.

"ఏమిటి సార్, మీ దెయ్యం మీ మెడకే చుట్టుకుందా?" అన్నాడు కాఫీ కొట్టువాడు. ఆన్సెల్మ్ గారు దుప్పటి, సగం సీసా అక్రోటు సారా, ఎండు సాసేజ్, జెలీ కొట్టులో కొన్న రొట్టె పట్టుకుని కొండ దిగాడు.

లోపల ఒక బల్ల, ఒక కుర్చీ, శతాబ్దాల నాటి చలి. రొట్టె బల్ల మీద పెట్టాడు — తిన్నగా, వెల్లకిలా. దేన్నీ నమ్మని మనిషే, కానీ రొట్టెను బోర్లా పెట్టడం ఆయనకు చేతకాదు. మాలో ఎవరికీ చేతకాదు. రాజుల కాలంలో తలారికి రొట్టె అమ్మడం రొట్టెలవాళ్లకు రోత. ఆయన వాటాను ఎవరూ ముట్టకుండా బోర్లించి పక్కన పెట్టేవారట. రాజులు పోయారు, తలారులు పోయారు, కానీ ఈనాటికీ బల్ల మీద రొట్టె బోర్లా కనబడితే ఎంత చదువుకున్నవాడైనా మాట మధ్యలో ఆపి దాన్ని తిప్పి పెడతాడు. ఎందుకని అడిగితే అలవాటంటాడు.

కొవ్వొత్తి సగం కరిగింది. నది మీది నుంచి పొగమంచు పైకి పాకింది.

అప్పుడు — అడుగులు.

రాళ్ల మీద, నెమ్మదిగా. ఒక అడుగు గట్టిగా, ఒకటి ఈడ్చుకుంటూ... ఆగాయి.

ఆన్సెల్మ్ గారు సారా గ్లాసు కింద పెట్టాడు. పెట్టాననుకున్నాడు. అది చేతిలోనే ఉంది.

కిటికీ అవతల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. రాయి మీద ఏదో రాసుకున్న చప్పుడు... ఆపై —

టక్. టక్.

ఎన్ని వేసవులు ఈ తట్టుడును ఆయన తన వేళ్లతో తలుపు మీద వాయించి చూపించాడో! గొంతు ఎక్కడ వణికించాలో, ఎక్కడ ఆపాలో అన్నీ సాధన చేసినవే. అసలు తట్టుడు వినబడితే ఏం చెయ్యాలో మాత్రం సాధన చెయ్యలేదు.

రొట్టెల కొట్టు గుర్తొచ్చింది. మీట నొక్కితే పడే రొట్టె గుర్తొచ్చింది. అదే ధైర్యం. కళ్లు మూసుకుని కిటికీ తలుపు తోశాడు.

కిటికీ కింది గట్టు మీద ఒక రొట్టె. గుండ్రంగా, వెచ్చగా... బోర్లా.

దాని వెనుక, శాలువా కప్పుకున్న నల్లటి ఆకారం.

"ఎ... ఎవరది?"

"అరవకురా, ఊరు లేస్తుంది," అంది ఆకారం. "కిటికీ అంత జోరుగా తోస్తారా ఎవరైనా? ముక్కు పోయేది."

జెలీ!

ఆన్సెల్మ్ గారు కూలబడ్డాడు. తర్వాత నవ్వు మొదలైంది. కిటికీలోంచి ఆమెకు గ్లాసు అందిస్తూ కూడా నవ్వుతూనే ఉన్నాడు.

"నువ్వా తలారివి! ఇన్నాళ్లూ తట్టింది నువ్వా?"

"అంతకుముందు మా అత్త. అంతకుముందు వాళ్లమ్మ. కొట్టుతో పాటు ఇదీ వస్తుంది. చివరి వాయిలో ఒకటి ఆయనకి. బోర్లించి పెట్టాలి, తెలియడానికి ఓసారి తట్టాలి, వెనక్కి చూడకుండా రావాలి."

"ఎవరికి తెలియడానికి?"

"నన్నడుగుతావేం? చరిత్ర మాస్టారివి నువ్వు."

"ఒక్కసారైనా చెప్పలేదేం జెలీ?"

"నువ్వెప్పుడు అడిగావు? లాంతరు పట్టుకుని నువ్వే అందరికీ చెబుతున్నావు కదా, నీకంతా తెలుసనుకున్నా."

"మరి ఆ రొట్టె ఎవరు తింటున్నారు?"

"పొద్దుటికి ఉండదు. అంతే తెలుసు."

"నక్క," అన్నాడు ఆన్సెల్మ్ గారు తీర్పు చెప్పినట్టు.

"నక్కే అనుకో." జెలీ గ్లాసు ఖాళీ చేసింది. "కొత్త పిల్లాడికి నేర్పనా ఈ పని?"

"చంపుతా! ఆ అమ్మాయి వింటే పాపను ఎత్తుకుని టులూజ్ దాకా ఆగదు. ఆపెయ్యి, రేపటి నుంచి."

"ఆపడం నా చేతుల్లో లేదు. కావాలంటే నువ్వు మొయ్యి."

ఆమె మోకాలు ఈడ్చుకుంటూ పొగమంచులోకి వెళ్లింది. కోట మలుపు తిరిగేదాకా కొవ్వొత్తి ఎత్తి చూపించి, ఆయన కిటికీ వేయబోయాడు.

గట్టు ఖాళీగా ఉంది.

నక్క, అనుకున్నాడు. చప్పుడు చేయని నక్క... నలుసు కూడా రాల్చని నక్క. తెల్లారేదాకా కుర్చీలో కూర్చుని నక్కల గురించే ఆలోచించాడు.

పొద్దున్న నవ్వుతూనే బయటికొచ్చాడు. నవ్వు కాస్త పెద్దగా ఉందని కాఫీ కొట్టువాడు అన్నాడు గానీ, ఓదిల్ నమ్మింది. పండగకు ముందే ఆ ఇంటికి నీలం రంగు తలుపులొచ్చాయి, కిటికీలో జిరేనియం పూలొచ్చాయి. కొత్త రొట్టె బాగుంది. ఉప్పు తక్కువని జెలీ అంటుంది, అది ఎలాగూ అనేదే.

ఆన్సెల్మ్ గారి షికారులో తలారి ఇల్లు లేదిప్పుడు. మా కోటకూ ఒక తెల్లగౌను దొరసాని వచ్చింది, పక్క కొండ నుంచి తెచ్చిన సరుకు. ఆయన ఒంటరివాడు, కానీ రోజూ సాయంత్రం రెండు రొట్టెలు కొంటాడు.

"ఇంట్లో ఎవరైనా చేరారా సార్?" అని కాఫీ కొట్టులో నవ్వుతారు.

"నక్కని పెంచుతున్నా," అంటాడు.

చీకటి పడ్డాక తలారి ఇంటి కిటికీ కింది గట్టు మీద రెండో రొట్టె బోర్లించి వస్తాడు. పాప నిద్రలేస్తుందని తట్టడు. వెనక్కీ చూడడు. జలుబు చేస్తుందట.

ఫిబ్రవరిలో ఒక రోజు నిజంగానే జ్వరం వచ్చింది. బయట మోకాలి లోతు మంచు. ఈ ఒక్క రాత్రికి నక్క చావదులే అనుకున్నాడు. తలుపు గడియ వేశాడు, కిటికీలు బిగించాడు, రెండు రొట్టెలూ బల్ల మీదే వెల్లకిలా వదిలేసి పడుకున్నాడు.

పొద్దున్న లేచేసరికి గడియ వేసినట్టే ఉంది. గుమ్మం ముందు మంచు మీద ఒక్క అడుగైనా లేదు.

బల్ల మీద రెండు రొట్టెలూ ఉన్నాయి... బోర్లా.

వాటిలో ఒకటి రెండు ముక్కలై ఉంది. తుంచినట్టు కాదు, కొరికినట్టూ కాదు. మధ్యకు, సూటిగా, నలుసు రాలకుండా... ఒకే ఒక్క వేటుకు.