కాకి అన్న “ఏమో”

వినండర్రా పిల్లలూ! ఏరుపాలెం అనే రాజ్యంలో వాన కురవడం మానేసింది. మేఘభక్షుడనే రాక్షసుడు మబ్బులన్నిటినీ కొండగుహలో బంధించాడు. విత్తనాలు గాదెల్లోనే పుచ్చిపోతున్నాయి. “మబ్బుల్ని విడిపించినవారికే నా గద్దె” అని వారసులు లేని ముసలిరాజు చాటింపు వేయించాడు. వెళ్ళిన వీరులెవరూ తిరిగిరాలేదు.

అప్పుడు బయలుదేరింది మన పైడి. ఎవరనుకున్నారు? వానకుండ కాసే పిల్ల! వాళ్ళ ఊళ్ళో విత్తే ముందు ఇంటికొకరు వచ్చి, వాన పడుతుందన్న నమ్మకం ఎంతుంటే అన్ని గులకరాళ్ళు కుండలో వేస్తారు. దాసయ్య ఏటా దోసిళ్ళతో గుమ్మరిస్తాడు. వాన పడితే పడుతుంది, లేకుంటే లేదు. సోమమ్మ జంకుతూ ఒక్క రాయి వేసిందా, ఆ ఏడు చెరువులు నిండాల్సిందే. ఊరంతా రాళ్ళను చూసేది, పైడి మాత్రం వాటిని వేసిన చేతుల్ని చూసేది. అదీ నా బంగారుతల్లి తెలివి!

దారిలో ఏటి ఒడ్డున గొర్రెలకాపరి అడ్డుపడ్డాడు.

“పోకమ్మా! నిన్ననే మొసలి ఒకణ్ణి లాక్కుపోయింది. నిన్నూ వదలదు!”

“నిన్న దాటినవాళ్ళెందరు మామా?”

“సంతకెళ్ళే జనమంతా దాటారు.”

“ఆ జనంలో నేనూ ఒకదాన్నిలే,” అని నవ్వి దాటేసింది.

గుహకు రెండు తలుపులు. చుట్టూ రాళ్ళైపోయిన వీరులు. రాక్షసుడు పళ్ళికిలించాడు.

“ఒకదాని వెనక మబ్బులు, ఒకదాని వెనక శాపం. ఒక్కటే తియ్యాలే పిల్లా! లోపలి ఉరుము నా పక్షులకే వినిపిస్తుంది, అడుగు.”

“తూర్పుదే! నా ముక్కు మీద ఒట్టు!” అని అరిచింది చిలుక.

“ఏమో... పడమటిదేమో,” అని గొణిగింది కాకి.

“చిలుక అంత గట్టిగా చెబుతుంటే ఇంకా ఆలోచనేమిటే?” అని ఎగదోశాడు రాక్షసుడు.

పైడి తొందరపడలేదు. రెండు కొబ్బరిచిప్పల్లో ఒకదాని కింద గులకరాయి దాచి, చిప్పలు కదిలించి, ఎక్కడుందని పక్షుల్ని మళ్ళీ మళ్ళీ అడిగింది. చిలుక ప్రతిసారీ ఒట్టేసింది, సగం సార్లు తప్పింది. కాకి ప్రతిసారీ “ఏమో” అంటూనే ఉంది, కానీ అది మొగ్గిన వైపే రాయి దొరికింది. ఒక్కసారి మాత్రం కాకీ తప్పింది.

ఆ ఒక్కసారి పైడికి గుర్తొచ్చింది. అయినా పడమటి తలుపే తోసింది.

ఫెళఫెళమని ఉరుము! మబ్బులు ఉరికొచ్చాయి. తొలి జల్లుకే రాక్షసుడు మట్టిబొమ్మలా కరిగిపోయాడు. వీరులు ఒళ్ళు విరుచుకుని లేచారు.

రాజు పైడిని గద్దె మీద కూర్చోబెట్టి, ఆమె భుజం మీది కాకిని అడిగాడు. “రాజ్యం బాగా ఏలుతుందా?”

“ఏమో... ఏలుతుందేమో,” అంది కాకి.

ఊరంతా ఒక్కసారిగా ఈలలు వేసింది. గుహ దగ్గర జరిగిందంతా పైడి చెప్పగా, ఆ కాకి “ఏమో” విలువ వాళ్ళకి అప్పటికే తెలుసు మరి!