ఆవకాయ జాడీ తూకం

ఋతుపేటిక గోడలోంచి బయటికి జరిగి, మూత తెరుచుకుని, కౌముది బట్టల్ని మడతపెట్టడం మొదలుపెట్టింది. ప్రయాణం భీమిలికి. తుపానులు పుట్టకుండా సముద్రాన్ని చల్లబరిచే కేంద్రాలు వెలిశాక, ఆ తీరంలో పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన, సాయంత్రం వణికించే చలి. ఎవరి పేటిక వాళ్ళది. ఏ పూటకు ఏ బట్ట కావాలో దానికి తెలుసు. అది వచ్చాక ఎవరూ ఏదీ మరిచిపోవడం లేదు. ఎవరినీ ఏదీ అడగడమూ లేదు.

కౌముదికి మాత్రం కాలు నిలవడం లేదు. పెళ్ళయి నెల తిరగలేదు. నిఖిలేశ్ ఇంకా ఆమెను మీరు అంటున్నాడు, కాఫీ ఇస్తే థాంక్స్ చెబుతున్నాడు. దానికే ఆమె మురిసిపోతోంది, అది వేరే సంగతి. భీమిలి నుంచి రాగానే అతను గాలిమరల దీవికి డ్యూటీకి వెళ్ళిపోతాడు. మళ్ళీ ఎప్పటికో.

ఫోన్లో పిన్ని నవ్వింది. "అరకులో మీ బాబాయి స్వెటర్ మరిచిపోయాడే. ఒక్క శాలువాలో ఇద్దరం. అన్నీ పేటికలే సర్దిపెడుతుంటే మీకా భాగ్యం ఎక్కడిది?"

కౌముది పేటికలోంచి తన శాలువా లాగి మంచం కింద దాచింది.

"తూకం తగ్గింది," అంది పేటిక.

ఆమె ఆవకాయ జాడీకి గుడ్డ చుట్టి ఆ ఖాళీలో కూర్చింది. పేటిక కాసేపు తటపటాయించి మూత వేసుకుంది.

భీమిలిలో పొద్దు వాలగానే గాలి మారింది. ఇసుకలో వరసగా పేటికలు తెరుచుకున్నాయి. జంటలన్నీ ఎవరి శాలువా వాళ్ళు కప్పుకుని, మూరెడు దూరంలో కూర్చున్నాయి. కౌముది పేటిక ఆమెకు జాడీ అందించింది.

"శాలువా మరిచిపోయినట్టున్నానండీ," అంది, పొద్దుటినుంచి సాధన చేసిన గొంతుతో. "మీదాంట్లో కాస్త చోటిస్తారా?"

నిఖిలేశ్ ముఖం పాలిపోయింది. అతని పేటికలోంచి తాపేశ్వరం కాజాల పొట్లం వచ్చింది.

"ఇదేంటండీ?"

"తూకానికి." అతను పొట్లం విప్పాడు. "మీ శాలువాలో చోటడుగుదామని... నాది బీరువా వెనక పడేశాను."

"నాది మంచం కింద."

పళ్ళు టకటకలాడుతుండగా ఇద్దరూ పడీ పడీ నవ్వారు. కాజా కొరికి ఆవకాయ నాకారు.

"ఇలా దగ్గరికి రా," అన్నాడతను కాసేపటికి. ఆమె జరిగింది.

పేటికలు రెండూ వాళ్ళ ఒంటి వేడి కొలిచాయి. శాలువాలు లేకపోయినా తగ్గలేదు. ఆ సంగతి గుర్తుపెట్టుకున్నాయి.

అతను దీవికి వెళ్ళిన సాయంత్రమే ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది.

"పేటిక చలిబట్టలేవీ పెట్టలేదు కౌముదీ. అడిగితే, మీకు చలి వెయ్యదని తెలుసుకున్నాను అంటోంది."

"నువ్వు చూసుకోలేదా?"

"పేటిక సర్దాక ఎవరైనా చూసుకుంటారా?"

ఆమెకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళు చెమర్చాయి. బీరువా వెనక చెయ్యిపెట్టి అతని శాలువా లాగి, బూజు దులిపింది. ఋతుపేటిక గోడలోంచి జరిగి వచ్చి మూత తెరిచింది.

"నీ అవసరం లేదులే," అని దాన్ని లోపలికి తోసి, శాలువా చంకలో పెట్టుకుని పడవల రేవుకి బయల్దేరింది.

మంచం కింద ఉన్న తన శాలువా ఆమెకు గుర్తుంది. ముట్టుకోలేదు.