జగదేవి పేరున ఒక అర్జీ

జగదేవి చనిపోయి పదకొండు నెలలైంది. కొడుకు ఆమె చేత ఇంకా పని చేయిస్తున్నాడు. దీని మీద వాదించడానికి ఏమీ లేదని ఆమె భర్త రాచయ్య అభిప్రాయం.

సంగతి బయటపడింది బుధవారం పొద్దున. రాత్రి వాన పడి బీదర్ ఎర్రమన్ను గడప దాకా కొట్టుకొచ్చింది. వంటింట్లో కోడలు భాగ్యజ్యోతి జొన్నరొట్టెలు కొడుతోంది. రాచయ్య అల్మారా ముందు నిలబడి జగదేవి ఫోన్‌ని చార్జింగ్ నుంచి తీశాడు. రోజూ పెడతాడు, రోజూ తీస్తాడు. నెలనెలా రీచార్జ్ చేయించేదీ ఆయనే. ఎందుకని అడిగితే, గ్యాస్ బుకింగ్ ఆ నంబరు మీద ఉందంటాడు.

ఫోన్ టింగుమంది. సొంతూరు మంగళగి బడిలో ఏడో తరగతి దాకా చదివిన రాచయ్యకు కన్నడం చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు.

"భాగ్యా, గ్యాసోళ్ళేనా చూడు."

ఆమె పిండి చేతులతోనే వంగి చూసింది. "కాదు మామా. డియర్ జగదేవి అని ఉంది. అత్తమ్మ షేర్లకు వేసిందట, పధ్నాలుగు వేల ఏడువందలు బ్యాంకుల ఆపి పెట్టిన్రట..." అని, నాలుక కరుచుకుంది.

"ఎవరేసిన్రు?"

"అత్తమ్మ. అంటే..."

"ఏ అత్తమ్మ?"

పెనం మీద రొట్టె మాడింది. ఇద్దరూ దాని వైపు చూడలేదు.

కొత్త కంపెనీ మొదటిసారి షేర్లు అమ్మకానికి పెట్టినప్పుడు, అడిగేవాళ్ళు ఎక్కువైతే లాటరీ తీస్తారు. హుమ్నాబాద్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేస్తున్న కొడుకు వీరేశ్‌కు ఈ పిచ్చి తోటివాడు శివు అంటించాడు. ఇంట్లో ఎన్ని పేర్లుంటే అన్ని అర్జీలు, అన్ని అవకాశాలు. రాచయ్య తన పేరు ఇవ్వలేదు. కాంటా మీద పెట్టి తూచలేనిదాన్ని కొననన్నాడు. జగదేవి మాత్రం అడిగిన చోటల్లా సంతకం పెట్టింది. వీరేశ్ పేరు మీద పదకొండుసార్లు వేస్తే ఒక్కసారీ రాలేదు. జగదేవి పేరు మీద ఆరుసార్లు వేస్తే నాలుగుసార్లు వచ్చాయి. అత్తమ్మ చెయ్యి మంచిదని వీధంతా చెప్పుకొచ్చింది భాగ్యజ్యోతి.

అదంతా ఆమె బతికున్నప్పటి మాట.

వీరేశ్ స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు. కంపెనీ బస్సుకు ఇంకా అరగంట ఉంది.

"మీ అమ్మ నిన్న ఎక్కడికి పోయింది రా?" అన్నాడు రాచయ్య.

"ఏం మాట్లాడుతున్నవ్ నాయినా?"

"షేర్లకు అర్జీ పెట్టి వచ్చిందట గదా. నాకొక మాటన్నా చెప్పకపాయె."

వీరేశ్ భార్య వైపు చూశాడు. భాగ్యజ్యోతి పెనం వైపు చూసింది.

"అందరి పేర్లతో పాటు వేసిన," అన్నాడు మెల్లగా.

"చచ్చినోళ్ళ పేరు మీద కూడానా? ధాన్యం గంజ్‌ల ముప్పయి ఏండ్లు కాంటా పట్టిన నేను. ఒక సేటు చచ్చిపోయిన రైతు పేరు మీద తూకం చిట్టీ రాయమన్నడు. ఆ పొద్దే కాంటా ఇడిసిపెట్టి ఇంటికొచ్చిన. పదిహేను దినాలు పని లేదు. మీ అమ్మ ఒక్క మాట అనలే. అసుమంటి మనిషి పేరు మీదనే నువ్వు దొంగ అర్జీ పెడ్తివి."

"పైసల కోసం కాదు నాయినా."

"మరి పుణ్యానికా?"

"మామా," అంది భాగ్యజ్యోతి. "చనిపోయిందని కాయితం ఇస్తే అత్తమ్మ షేర్ల ఖాతా ఎన్నడో బంద్ అయ్యేది. కాయితం ఎవరి దగ్గరుంది?"

రాచయ్య పీట లాక్కుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"మూడుసార్లు అడిగిండు ఆయన. ఒకసారి దొరకలేదంటివి. ఒకసారి పండుగ అయినంక అంటివి. మూడోసారి తినేటి కంచం ముందట నుంచి లేసిపోతివి."

"నువ్వు నడుమ రాకు."

"వస్త. ఈ ఇంట్ల రొట్టెలు కొట్టేది నేనే, నడుమ వచ్చేది కూడా నేనే."

వేరే రోజయితే వీరేశ్ నవ్వేవాడే. ఇప్పుడు తువ్వాలు భుజం మీద వేసుకుని తండ్రి ఎదురుగా కింద కూర్చున్నాడు.

"మొదటిసారి మర్చిపోయి వేసిన నాయినా. చేతికి అలవాటయి, అందరి పేర్ల ముందట టిక్ కొట్టుకుంట పోయిన. మెసేజ్ వచ్చింది. డియర్ జగదేవి అని. ఈ ఇంట్ల అమ్మ పేరు ఎత్తి ఎన్ని దినాలాయె? ఎవరన్నా ఎత్తితే నువ్వు చెప్పులేసుకొని బయటికి పోతవ్. ఆ మెసేజ్ ఒక్కటే ఆమెను పేరు పెట్టి పిలుస్తది. నీకు తెల్వకుండ అల్మారల నుంచి ఫోన్ తీసి చదువుకున్న. దాని తర్వాత వేసింది తెలిసే వేసిన. ఇదీ తెలిసే వేసిన. ఇంతవరకు ఒక్క షేరు రాలే. వస్తే ఏం చెయ్యాల్నో కూడా నాకు తెల్వదు."

నలభై దగ్గరపడుతున్న మనిషి. మీసాల మీద నీళ్ళు కారుతున్నాయి, తలవా కళ్ళవా తెలియడం లేదు.

తప్పు తప్పే. రాచయ్య ఆ మాట నుంచి జరగలేదు. కానీ ఆ తప్పు పక్కనే తన తప్పు కూడా కూర్చుని ఉంది. కాయితం పోలేదు. ఎక్కడుందో ఆయనకు ప్రతిరోజూ తెలుసు. దాన్ని ఇస్తే ఒక్కొక్క ఆఫీసులో ఆమె పేరు కొట్టేస్తారు. అందుకే ఇవ్వలేదు. ఇంట్లో పేరు ఎత్తనివ్వలేదు, ఆఫీసులో పేరు తీయనివ్వలేదు.

లేచి ట్రంకు పెట్టె తెరిచాడు. నాలుగు మడతల కాయితం తెచ్చి కొడుకు ముందు పెట్టి మళ్ళీ కూర్చున్నాడు.

"ముందుగాల ఆ అర్జీ వాపస్ తీయ్. నా కండ్ల ముందట."

సాయంత్రం అయిదింటి దాకా గడువుంది. వీరేశ్ రెండు నిమిషాల్లో తీసేశాడు. ఫోన్ మళ్ళీ టింగుమంది. ఈసారి భాగ్యజ్యోతి అడక్కుండానే మొదటి నుంచి చివరి దాకా పేరుతో సహా పైకి చదివింది. రాచయ్య కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

ఆ రోజు వీరేశ్ కంపెనీ బస్సు ఎక్కలేదు. పదకొండింటికి తండ్రీకొడుకులు గంజ్ దగ్గర షేర్ల ఆఫీసులో ఉన్నారు. శాలిని అనే అమ్మాయి కంప్యూటర్ చూసి కన్నడంలో చెప్పింది. ఖాతాలో రెండు కంపెనీల షేర్లు మిగిలి ఉన్నాయి. నామినీ రాచయ్య.

"నేనా?" అన్నాడు ఆయన.

"మీరే. ఆమెగారే రాయించారు. కానీ మీకు ఖాతా లేదు. తెరిస్తేనే మార్చగలం."

వద్దని జీవితమంతా చెప్పిన ఖాతాకు రాచయ్య నాలుగు చోట్ల సంతకం పెట్టాడు. ఫారం నింపుతూ శాలిని అడిగింది, సంబంధం ఏమిటని.

"భార్య," అన్నాడు. "జగదేవి. పోయిన శ్రావణం రెండో సోమవారం చనిపోయింది. పొద్దున ఆరింటికి."

ఫారంలో టైముకు గడి లేదు. అయినా ఆ అమ్మాయి ఆగి వింది.

"ఈ రెండూ ఎందుకు అమ్మలేదు?" అని వీరేశ్‌ని అడిగింది.

"ఏ కంపెనీ గురించి చెప్పినా అమ్మ ఒక్కటే అడిగేది, వాళ్ళేం చేస్తరు రా అని. పంపులు చేస్తరంటే సరే అంది. బిస్కెట్లంటే సరే అంది. ఒకటేమో, వ్యాపారాలకు పరిష్కారాలు చేస్తరు అని చెప్పిన. ముందుగాల మీ నాయినకు ఒకటి చేయించు, అప్పుడు కొందాం అంది."

శాలిని నవ్వింది. రాచయ్యకు కూడా నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు, ఆగలేదు. నవ్వుతూనే కండువాతో మొహం తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మాటలు ఆగలేదు. జగదేవి పంపుల షేరు ధర టీవీలో చూసి పక్కింటికి వెళ్ళి చెప్పొచ్చిన సంగతి భాగ్యజ్యోతి చెప్పింది. రాచయ్య ఇంకో రొట్టె వేయించుకున్నాడు.

అదే అదననుకుని వీరేశ్ గొంతు సవరించుకున్నాడు. "నాయినా, ఆ అర్జీ సంగతి... నాది తప్పే..."

"జగదేవి ముచ్చట్లు ఎన్నన్నా చెప్పుకోండ్రి," అన్నాడు రాచయ్య. "నువ్వు చేసిన పని గురించి నేను మాట్లాడను. మాఫ్ చేసిన అనను, చెయ్యలే అని కూడా అనను. ఈ ముచ్చట మళ్ళ నా ముందట ఎత్తకు."

ఆ తర్వాత వీరేశ్ రెండుసార్లు ఎత్తబోయాడు. రాచయ్యకు వినపడలేదు.