క్యాసెట్‌లో ఎక్కువ పట్టిన పాట

"ఈ పాటకు నీ కీబోర్డుల జాగ లేదు," అన్నాడు అనుదీప్.

"పాటకు జాగ ఉన్నది. నీ గిటార్‌కే శ్రుతి లేదు," అంది నవీన.

వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలు ఇవే.

రెండు వేల సంవత్సరం, జులై నెల. మైత్రీవనం చుట్టూ ప్రతి గోడా జావా నేర్పిస్తానని మొత్తుకుంటున్న రోజులు. ఇద్దరూ ఒకే కంప్యూటర్ కోర్సు, ఒకే బ్యాచ్. కోర్సు ముగిసే ఆదివారం వీడ్కోలు సభలో అనుదీప్ గిటార్, నవీన కీబోర్డు వాయించాలని సారు తేల్చేశాడు. పాట అనుదీప్ ఎంచుకున్నాడు. ముప్పై ఏళ్ళ కిందటి ఇంగ్లీషు రాక్ పాట, పేరు 'ప్లాట్‌ఫామ్ టూ'.

కీబోర్డు మీద మూడు శ్రుతి పట్టుకుంటే గిటార్ పైన ఉంది. నాలుగు పట్టుకుంటే కింద ఉంది. మధ్యలో ఇంకో మెట్టు లేదు.

"జర తీగలు దించు," అంది నవీన.

"దించ. ఒరిజినల్ గట్లనే ఉంటది. సింగర్ లవర్ రైలెక్కి పోయింది. ఆ రైలు కూత ఏ శ్రుతిల ఉన్నదో ఆయన గదే శ్రుతిల పాడిండు. అందుకే ఏ మెట్టుకూ దొరకది."

"ఎవలు చెప్పిన్రు?"

"ఎవలో చెప్పాల్నా? మనసుండి వింటే తెలుస్తది."

ఆ రైలు కథ ఏ పత్రికలోనూ రాలేదు. హాస్టల్ మంచం మీద పడుకుని అతనే అల్లాడు. పదిమందికి చెప్పేసరికి అతనికే నిజమైపోయింది. పురాణాలు కూడా అలాగే పుట్టాయేమో, నాకు తెలియదు. కానీ పురాణం చెప్పేవాడు ముందు చేతులు జోడిస్తాడు. ఇతను కాలర్ ఎగరేశాడు.

మూడు వారాలు ఇదే తగాదా. సాయంత్రం క్లాసు అయ్యాక మేడ మీద రేకుల షెడ్డులో సాధన, సాధన కంటే ఎక్కువ వెక్కిరింపు. ఆమె వెక్కిరింపు వినడానికే అనుదీప్ పది నిమిషాలు ముందు వచ్చేవాడు. ఆ సంగతి అతనికి తప్ప బ్యాచ్ అంతటికీ తెలుసు.

పాట కట్టుబడి మాత్రం బాగుండేది. మొదట గిటార్ ఒక్కటే నాలుగు స్వరాలను తిప్పితిప్పి వాయిస్తుంది. రెండో చరణం దాకా డ్రమ్ములు రావు. తర్వాత జోరు పెరిగి పెరిగి, ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయి, మళ్ళీ అవే నాలుగు స్వరాలు.

"మా ఇంట్ల గురువారం భజన సుత గిట్లనే ఉంటది," అంది నవీన ఒక బుధవారం. బయట వాన మొదలైంది. "మెల్లగ ఎత్తుకుంటరు, జోరు చేస్తరు, మల్ల మెల్లగ దించుతరు."

అనుదీప్ పగలబడి నవ్వాడు. "రాక్‌ను తీస్కపోయి భజనల కూసోబెడ్తవా? తాళాలు కొట్టుకునేటోళ్ళకు దీని సంగతి ఏం తెలుస్తది?"

నవీన కీబోర్డు మీద గుడ్డ కప్పింది.

"మా నాయిన ఇరవై ఏండ్ల సంది కొడుతుండు తాళాలు. ఒక్కనాడు లయ తప్పలే, ఒక్కనాడు గొప్పలు చెప్పలే. ఆదివారం నువ్వొక్కనివే వాయించుకో. రైలు కూత తోడున్నది గద."

చున్నీ తల మీదికి లాక్కుని వానలోనే మెట్లు దిగిపోయింది.

అప్పుడు తోచింది అతనికి. ఆదివారంతో బ్యాచ్ అయిపోతుంది. ఆ తర్వాత నవీనను కలవడానికి జావా సాకు కూడా ఉండదు. ఆమె రాకపోతే ఇక అంతే.

అయినా బుద్ధి ఎక్కడికి పోతుంది? క్షమాపణ అడగకుండా, తనదే ఒప్పని సాక్ష్యం తేవడానికి బయల్దేరాడు. మర్నాడు పంజాగుట్టలో మెహబూబ్ భాయ్ క్యాసెట్ల దుకాణానికి పోయాడు. ఆ పాట ఎక్కించుకున్నది అక్కడే.

మెహబూబ్ భాయ్ అంతా విని, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"రైలూ లేదు, గియిలూ లేదు బేటా. రికార్డు చేసేటప్పుడు నేనే మిషన్ జర స్లో పెడ్త. టేపు తక్కువ పోతది, ఒక పాట ఎక్కువ పడుతది. గిరాకీ ఖుష్. ఇంటికి పోయి పెట్టుకుంటే పాట జర తేజ్ నడుస్తది, శ్రుతి జర పైకెక్కుతది, అంతే."

"అందరికీ గట్లనే ఇస్తున్నవా భాయ్?"

"పదిహేనేండ్ల సంది. ఒక్కడు అడగలే. నిన్ను అడిగినోళ్ళు ఎవలో, చెవి మస్తుగున్నది వాళ్ళది."

అసలు రికార్డు తీసి వినిపించాడు. నవీన పట్టిన మూడు శ్రుతి. కచ్చితంగా మూడు.

ఆ సాయంత్రం గురువారం భజన తాళాల చప్పుడు పట్టుకుని అనుదీప్ గల్లీలు తిరిగి నవీన ఇల్లు చేరాడు. నవీన తండ్రి రాజనర్సయ్య గుమ్మంలో గిటార్‌ను చూసి తాళాలు ఆపాడు. హార్మోనియం ముందు నవీన తలెత్తలేదు.

"ఎవలు బాబూ?"

"నవీన బ్యాచే, పెద్దనాయినా. తాళాలను తక్కువ చేసి మాట్లాడిన. తప్పు నాదే." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "రైలు కథ నేనే కల్పించిన. నా క్యాసెటే తప్పు. జర మూడు శ్రుతి ఇస్తవా?"

గదిలో ఇరవై మంది. నవీన ఒక మెట్టు మీద వేలు పెట్టి, రెండో చేత్తో తిత్తి ఆడించింది. అతను గడప పక్కనే కూర్చుని ఒక్కో తీగా దించాడు. ఆరు తీగలు దించేదాకా ఆమె వేలు తీయలేదు. దేవుడు కూడా తన భజన ఆపి ఎదురుచూసినట్టే నాకు తోస్తుంది.

"కలిసింది," అన్నాడు రాజనర్సయ్య. "లోపలికి రా బిడ్డా. గడప మీద కూసోవద్దు."

హారతి అయ్యాక అనుదీప్ మెహబూబ్ భాయ్ చెప్పిందంతా చెప్పాడు. ప్రసాదం అతని చేతిలో పెడుతూ నవీన అంది, "ఆదివారం వస్త. స్టేజీ మీద గా రైలు కథ చెప్తే మాత్రం లేచిపోత."

"మరేం చెప్పాలె?"

"మెహబూబ్ భాయ్ కథ చెప్పు. అందరు నవ్వనీ." ఆగి అడిగింది, "గా ఎక్కువ పట్టిన పాట ఏంది?"

అనుదీప్ తల గోక్కున్నాడు. "ఎన్నడు వినలే. గీ ఒక్క పాటనే రివైండ్ చేసుకుంట కూసున్న."

"ఉన్నదాన్ని వదిలేసి లేని రైలు ఎక్కినవ్." నవ్వాపుకుంది. "ఆదివారం క్యాసెట్ తీస్కరా. ఇద్దరం విందాం. తేజ్ నడిచినా ఫికర్ లేదు."